కేస్ స్టడీ: 810 కిలో కేలరీల ఆహారం, ఎనిమిది మందులు, ఏది ఎప్పుడు ఆపాలి

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు తిండిని ఒక్కసారిగా రోజుకు 800 కిలో కేలరీల దగ్గరికి తెచ్చినప్పుడు మొదటి రెండు వారాల్లో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఆకలితో వచ్చేవి కావు, మందులతో వచ్చేవి. నిన్నటిదాకా తిన్న తిండికి సరిపోయిన డోసు ఈరోజుకు ఎక్కువైపోతుంది. షుగర్ పడిపోయాక డోసు తగ్గిద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం. ఆహారం తగ్గే రోజుకన్నా ముందే మందుల చీటీ మారాలి. ఏ మందు ఎన్నాళ్ల ముందు ఆపాలన్నది ఆ మందు ఒంట్లో ఎంతకాలం పనిచేస్తుందో చూసి తేల్చుకోవాలి.

కింది కేసు ఏ ఒక్కరిదీ కాదు. ఇలాంటి చికిత్సలో తరచూ ఎదురయ్యే పరిస్థితులను కలిపి, నేర్చుకోవడానికి వీలుగా కూర్చినది. అంకెలన్నీ ఈ ఒక్క రోగికి వర్తించేవే. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వీటిని చూసి ఎవరూ సొంతంగా డోసులు మార్చుకోకూడదు.

రోగి, మందులు

వయసు 52, పురుషుడు. ఎత్తు 168 సెం.మీ., బరువు 94 కిలోలు, బీఎంఐ 33.3. షుగర్ బయటపడి ఐదేళ్లు. హెచ్‌బీఏ1సీ 8.1 శాతం (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), పరగడుపు షుగర్ 148 నుంచి 165 మధ్య (షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). మందులు వాడుతుండగా బీపీ 134/82. గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్ ఎప్పుడూ లేవు.

ఉదయం వేసుకునే మాత్రలో గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రెండూ కలిసి ఉన్నాయి. రాత్రి విడిగా మెట్‌ఫార్మిన్ 1000. డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. ఉదయం. రాత్రి పడుకునే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ 24 యూనిట్లు. బీపీకి టెల్మిసార్టన్ 40, మూత్రం ఎక్కువగా పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర ఒకటి, ఆమ్లోడిపిన్ 5 వేరుగా. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 20.

రెండు మాత్రలు కాంబినేషన్‌వని గమనించండి. ఈ కేసులో వచ్చిన చిక్కు అక్కడి నుంచే వచ్చింది.

ఆహార పథకం: 12 వారాల పాటు రోజుకు నాలుగు ఫార్ములా పొడి ప్యాకెట్లు, మొత్తం 810 కిలో కేలరీలు. ఇందులో పిండి పదార్థం 100 గ్రాములు, ప్రోటీన్ 62, కొవ్వు 18. ఇవికాక నీళ్లు, చక్కెర లేని పానీయాలు కలిపి రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు. అంతకుముందు ఆయన తింటున్నది సుమారు 2200 కిలో కేలరీలు. పిండి పదార్థం ఒక్కటే 280 గ్రాముల దాకా ఉండేది.

ముందుగా తేల్చుకున్నవి

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఆయన ఒంట్లో సొంత ఇన్సులిన్ ఉందా లేదా అన్నది. పరగడుపున షుగర్ 158 ఉన్నప్పుడు తీసిన సీ-పెప్టైడ్ (క్లోమం ఇన్సులిన్‌తో పాటు వదిలే పదార్థం) మిల్లీలీటరుకు 2.4 నానోగ్రాములు. గ్యాడ్ యాంటీబాడీ (టైప్ 1లో కనిపించేది) నెగెటివ్. అంటే క్లోమం ఇంకా పనిచేస్తోంది, ఇన్సులిన్ తగ్గించుకుంటూ పోవచ్చు. సీ-పెప్టైడ్ ఒక్కదాన్నే తీసి చూస్తే అర్థం తప్పుగా రావచ్చు, అదే నమూనాలో షుగర్ కూడా చూడాలి. షుగర్ తక్కువగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుల్లోనూ సీ-పెప్టైడ్ తక్కువగానే వస్తుంది. సన్నగా ఉండి, చిన్న వయసులోనే ఇన్సులిన్ అవసరమైనవాళ్లలో ఈ పరీక్ష చేయకుండా ఇన్సులిన్ ఆపే ఆలోచనే పెట్టుకోకూడదు. అది నిదానంగా బయటపడుతున్న టైప్ 1 కావచ్చు.

ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టే వేగం) 78, క్రియాటినిన్ 1.0, పొటాషియం 4.4. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 18 మి.గ్రా., అంటే మామూలు పరిధి అయిన 30 లోపే. కంటి రెటీనా పరీక్షలో తేలికపాటి రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) మాత్రమే కనిపించింది. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉండి ఒక్కసారిగా దిగితే రెటినోపతీ కొన్నాళ్లు ముదరవచ్చు కాబట్టి ఈ పరీక్షను ఆహారం మొదలయ్యాక చేద్దామని వాయిదా వేయకూడదు. చికిత్స జరగని ప్రొలిఫరేటివ్ దశ (కంట్లో కొత్త రక్తనాళాలు పుట్టే ముదిరిన దశ) ఉంటే ముందు కంటి వైద్యం, ఆ తర్వాతే ఆహారం.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 ఉన్నవాళ్లు, ఇటీవలే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లు ఈ పద్ధతికి పనికిరారు. ఇక్కడ మినహాయింపుల గురించి బేరాలు ఆడకపోవడమే మంచిది.

చీటీ ఎలా మారింది

బ్రిటన్‌లో జరిగి 2017లో మొదటి ఏడాది ఫలితాలు వెలువడిన డైరెక్ట్ ట్రయల్‌లో 825 నుంచి 853 కిలో కేలరీల ఆహారం ఇచ్చారు. షుగర్ మాత్రలు, బీపీ మందులు మొదటి రోజే ఆపేశారు. ఏడాది చివరికి ఆహారం పాటించిన వర్గంలో 46 శాతం మందికి షుగర్ రెమిషన్‌లోకి (మందులు లేకుండానే అదుపులో ఉండే స్థితికి) వెళ్లింది. అయితే ఇన్సులిన్ వాడేవాళ్లను ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు. కాబట్టి "అన్నీ మొదటి రోజే ఆపేయాలి" అన్న సూత్రాన్ని ఇన్సులిన్ మీద ఉన్న ఈ రోగికి యథాతథంగా అంటించలేం. ఆయనకు రాసింది ఇది:

- ఆహారం మొదలయ్యే మూడు రోజుల ముందు: డాపాగ్లిఫ్లోజిన్ బంద్.
- మొదటి రోజు ఉదయం నుంచి: గ్లిమిపిరైడ్ బంద్. ఉదయం కాంబినేషన్ మాత్ర బదులు మెట్‌ఫార్మిన్ 1000 ఒక్కటే.
- మొదటి రోజు ఉదయం నుంచి: హైడ్రోక్లోరోథయజైడ్ బంద్. కాంబినేషన్ బదులు టెల్మిసార్టన్ 40 మాత్రమే. ఆమ్లోడిపిన్ యథాతథం.
- ఆహారం మొదలయ్యే ముందు రాత్రి నుంచి: గ్లార్జిన్ 24 నుంచి 12 యూనిట్లకు.
- అటోర్వాస్టాటిన్‌లో మార్పు లేదు.

డాపాగ్లిఫ్లోజిన్ ముందుగా ఎందుకు? ఆ మందు షుగర్‌ను మూత్రంలోకి పంపుతుంది, అదే సమయంలో ఒంటిని కీటోన్ల (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాల) వైపు నెడుతుంది. తక్కువ పిండి పదార్థం, తగ్గించిన ఇన్సులిన్, దానికి తోడు ఈ మాత్ర. మూడూ ఒకచోట చేరితే షుగర్ 180 ఉన్నా కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారడం) రావచ్చు. మీటర్‌లో అంకె మరీ ఎక్కువ లేదు కాబట్టి రోగీ కంగారుపడడు, చూసే డాక్టరూ అనుమానించకపోవచ్చు. అదే దీని ప్రమాదం. ఈ మందు అర్ధాయువు (ఒంట్లో దాని పరిమాణం సగానికి తగ్గే సమయం) సుమారు 13 గంటలు, ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి మూడు రోజుల దాకా పడుతుంది. అయితే హార్ట్ ఫెయిల్యూర్ కోసమో మూత్రపిండాల కోసమో ఇదే మందు వాడుతున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇది ఉత్త షుగర్ మాత్ర కాదు. ఆపాలా, అసలు ఈ ఆహారమే మానాలా అన్నది ఆ జబ్బు చూస్తున్న డాక్టరుతో మాట్లాడి తేల్చాలి.

గ్లిమిపిరైడ్ విషయంలో తర్జనభర్జన లేదు. తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పించడమే దాని పని. సగం డోసు ఉంచుదామనే ధోరణి కొందరిలో కనిపిస్తుంది, దానివల్ల లాభం లేదు. అదే రకం మందైన గ్లిబెన్‌క్లమైడ్ అయితే మరీ మొండిది. మూత్రపిండాలు నీరసించినవాళ్లలో దాని అవశేషాలు కూడా పనిచేస్తూనే ఉంటాయి.

ఇన్సులిన్ పూర్తిగా ఆపకుండా సగమే ఎందుకు తగ్గించారంటే, ఒకేసారి గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్, ఇన్సులిన్ మూడూ తీసేస్తే మొదటి నాలుగైదు రోజులు షుగర్ ఎగబాకే అవకాశం ఉంది. పైగా డాపాగ్లిఫ్లోజిన్ ప్రభావం ఎంతో కొంత మిగిలి ఉన్న రోజుల్లో ఇన్సులిన్ సున్నా చేయడం కీటోన్ల దృష్ట్యా మంచిది కాదు.

మొదటి వారం

షుగర్ రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలని చెప్పారు: పరగడుపున, రెండో ప్యాకెట్‌కు ముందు, సాయంత్రం, పడుకునే ముందు. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. 54 కన్నా తగ్గితే అదే చేసి వెంటనే ఫోన్ చేయాలి. డ్రైవింగ్‌కు ముందు ప్రతిసారీ పరీక్ష తప్పనిసరి.

మొదటి రోజు పరగడుపు షుగర్ 146, రెండో రోజు 124. మూడో రోజు ఉదయం 108. అదే రోజు పదకొండున్నరకు చెమటలు, చేతుల వణుకు, మీటర్‌లో 66. గ్లూకోజ్ తాగాక 15 నిమిషాలకు 84.

గ్లిమిపిరైడ్ ఆపేశారు, ఇన్సులిన్ సగానికి తగ్గింది, ఉదయం 108 ఉంది. అలాంటప్పుడు పగటిపూట 66 రావడం లెక్కకు అందదు. గ్లార్జిన్ ఎక్కువైతే ముందుగా బయటపడేది పరగడుపు అంకెలో. పగలు, అదీ ఉదయం మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు పడిపోయిందంటే అనుమానం మాత్ర మీదికే పోవాలి. మందులన్నీ తెప్పించి చూస్తే విషయం తేలింది. కొత్త చీటీ సరిగానే ఉంది, కొత్త మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పు కూడా కొన్నారు. కానీ వారానికి సరిపడా మాత్రలు గదులుగా సర్దుకునే డబ్బాను అంతకు నాలుగు రోజుల ముందే ఇంట్లోవాళ్లు నింపి పెట్టారు. ఉదయం గదిలో పాత కాంబినేషన్ మాత్రే ఉంది, మూడు రోజులూ అదే లోపలికి పోయింది. పక్కనే ఉన్న థయజైడ్ కాంబినేషన్ మాత్రదీ అదే కథ.

"గ్లిమిపిరైడ్ ఆపండి" అని చెబితే చాలామంది ఆ పేరున్న స్ట్రిప్పు కోసం వెతుకుతారు. కాంబినేషన్ మాత్రకు కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపలి మందుల పేర్లు వెనకవైపు సన్నగా ఉంటాయి. అందుకే ఆపాల్సిన మందును పేరుతో చెప్పడం కన్నా ఆ స్ట్రిప్పునే చేతికిచ్చి "ఇది" అని చూపించాలి. మాత్రల డబ్బా ఖాళీ చేయించి, పాత కాంబినేషన్ స్ట్రిప్పులు ఇంట్లోంచి తీసేయించాలి. ఇదేమంత పెద్ద వైద్యం కాదు, కానీ లో షుగర్ కేసుల్లో దీనికున్నంత ఫలితం డోసు లెక్కలకు కూడా ఉండదేమో.

గ్లిమిపిరైడ్ వల్ల వచ్చిన లో షుగర్ ఒకసారి సరిచేసినా 24 గంటల లోపు మళ్లీ రావచ్చు. అందుకని ఆ రోజంతా మూడు గంటలకోసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి పరీక్ష చేయించారు. మూడింటికి 92. రాత్రి గ్లార్జిన్‌ను 12 నుంచి 8కి తగ్గించారు.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు ఇంకొకటుంది. షుగర్ పడిపోయింది కాబట్టి రేపటి నుంచి ఇంకో ప్యాకెట్టో, ఇంత తిండో ఎక్కువ తీసుకోమనడం. అలా చేస్తే మందును తిండితో మేపినట్టే. డోసు అలాగే ఉంటుంది, కేలరీలు పెరుగుతాయి, బరువు కదలదు, పది రోజుల తర్వాత "ఈ ఆహారం నాకు పడలేదు" అని రోగి వదిలేస్తాడు. లో షుగర్ వస్తే తిండిని కదపకూడదు, మందును తగ్గించాలి. గ్లూకోజ్ 15 గ్రాములు ఆ క్షణానికి చికిత్స మాత్రమే.

ఆ తర్వాత పరగడుపు అంకెలు నాలుగో రోజు 104, ఐదో రోజు 101, ఆరో రోజు 97, ఏడో రోజు 91. ఈ ఆహారం మీద ఉన్నన్నాళ్లు మేము పెట్టుకునే గీత ఇది: పరగడుపు షుగర్ వరసగా రెండు రోజులు 100 కన్నా తక్కువ వస్తే బేసల్ ఇన్సులిన్‌లో (రోజంతా నిలకడగా పనిచేసేది, ఇక్కడ గ్లార్జిన్) మూడో వంతు కోత. ఒక్కసారి 80 కన్నా తగ్గినా సగం కోత. డోసు కిలో బరువుకు 0.1 యూనిట్ కన్నా తక్కువకు వచ్చేసి, సీ-పెప్టైడ్ బాగుంటే పూర్తిగా ఆపేయడం. 90 కిలోల మనిషికి 8 యూనిట్లు ఆ గీత కిందికే వస్తాయి. ఏడో రోజు రాత్రి ఇన్సులిన్ ఆగిపోయింది.

ఎనిమిదో రోజు 94, తొమ్మిదో రోజు 109, పదో రోజు 116. ఈ పెరుగుదల చూసి మళ్లీ సూది మొదలుపెట్టాలన్న తొందర సహజం. గ్లార్జిన్ తోక పూర్తిగా పోవడానికి ఒక రోజు పైన పడుతుంది కాబట్టి అంకె కొంచెం పైకి రావడం ముందే తెలిసిన సంగతి. డెగ్లూడెక్ అనే మరో బేసల్ ఇన్సులిన్ వాడేవాళ్లలో ఈ తోక ఇంకా పొడవు, ఒక మార్పు ఫలితం తేలడానికి మూడు నాలుగు రోజులు ఆగాలి. బరువు తగ్గుతున్న దశలో షుగర్ 100 నుంచి 160 మధ్య ఉంటే చాలు. మూడు రోజులు వరసగా 180 దాటితే ఆలోచించాలి. 250 దాటి వాంతులు కూడా ఉంటే రక్తంలో కీటోన్లు చూడాలి. లీటరుకు 3 మిల్లీమోల్స్ మించితే ఆసుపత్రికి పంపాలి. ఈయనకు రెండో వారం నుంచి 105, 115 మధ్య నిలబడింది.

ఇంత త్వరగా ఎందుకు దిగుతుందంటే, కేలరీలు తగ్గగానే కాలేయంలోని కొవ్వు ముందు కరుగుతుంది. రాత్రిళ్లు అది రక్తంలోకి వదిలే గ్లూకోజ్ తగ్గుతుంది. న్యూకాజిల్ యూనివర్సిటీలో రాయ్ టేలర్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో 600 కిలో కేలరీల ఆహారంతో పరగడుపు షుగర్ వారం రోజుల్లోనే మామూలు స్థాయికి వచ్చింది. బరువు చాలా తగ్గాకే షుగర్ దిగుతుందని అనుకుని మందులు కొనసాగిస్తే బోల్తాపడేది ఇక్కడే.

పదో రోజు: బీపీ

బరువు మొదటి వారంలో 94 నుంచి 90.4కి వచ్చింది. అందులో చాలా భాగం నీరే. ఒంట్లో గ్లైకోజెన్ (నిల్వ ఉన్న పిండి పదార్థం) ఖర్చవుతుంటే దానితో పట్టి ఉన్న నీరు పోతుంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి. దాంతో బీపీ మందులు ఎక్కువైపోతాయి.

పదో రోజు ఉదయం లేచి నిలబడగానే కళ్లు తిరిగాయి. షుగర్ 116 కాబట్టి అది కారణం కాదు. కూర్చున్నప్పుడు బీపీ 112/70, నిలబడ్డ నిమిషానికి 90/62. నిలబడ్డాక పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే మందు తగ్గించాల్సిందే. కూర్చోబెట్టి మాత్రమే బీపీ చూసి ఉంటే 112/70 "బ్రహ్మాండంగా ఉంది" అనిపించేది.

ఏది ఆపాలి? మూత్రంలో అల్బుమిన్ ఎక్కువగా పోతున్నా, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నా టెల్మిసార్టన్‌ను చివరిదాకా ఉంచి ఆమ్లోడిపిన్‌ను తీసేవాళ్లం. ఈయనకు ఆ రెండూ లేవు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టన్ మూత్రపిండాల మీద భారం పెంచుతుంది. ఆ రోజు క్రియాటినిన్ కూడా 1.2కి వచ్చింది. కాబట్టి టెల్మిసార్టన్ ఆపి ఆమ్లోడిపిన్ ఉంచారు. నీళ్లు రెండున్నర లీటర్లకు తగ్గకుండా చూసుకోమన్నారు. నాలుగు రోజుల తర్వాత కూర్చుని 122/76, నిలబడి 116/74. రెండు వారాలకు క్రియాటినిన్ 1.0.

వేరే మందులు ఉండి ఉంటే

డీపీపీ4 మందులు (సిటాగ్లిప్టిన్ లాంటివి), పయోగ్లిటజోన్ విడిగా లో షుగర్ తేవు, తీరిగ్గా ఆపవచ్చు. జీఎల్‌పీ1 ఇంజెక్షన్లు (సెమాగ్లుటైడ్ లాంటివి) కూడా విడిగా లో షుగర్ తేవు గానీ, వికారంతో నీళ్లు కూడా తాగలేకపోతే ఈ ఆహారంలో ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. రోజుకు రెండుసార్లు వేసుకునే ప్రీమిక్స్‌డ్ ఇన్సులిన్ ఈ పద్ధతికి అసలు కుదరదు. అందులో బేసల్ భాగాన్ని ఉంచి భోజనపు భాగాన్ని తీసేయలేం. ముందుగా బేసల్ ఇన్సులిన్‌కు మార్చి, అప్పుడు ఆహారం మొదలుపెట్టడం మేలు. అకార్బోజ్ లేదా వోగ్లిబోజ్ వాడుతున్నవాళ్లకు షుగర్ పడిపోతే మామూలు చక్కెర పెట్టి లాభం లేదు, ఆ మందు చక్కెర అరగడాన్నే అడ్డుకుంటుంది. గ్లూకోజే ఇవ్వాలి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు గుండెదడను, వణుకును కప్పేస్తాయి, చెమటను కప్పలేవు. ఆ సంగతి రోగికి చెప్పి ఉంచాలి.

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ఉంటే ఫార్ములాలోని విటమిన్ కె వల్ల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే కొలత) మారుతుంది, మొదట్లో వారానికోసారి చూడాలి. థైరాయిడ్ మాత్రకు, కాల్షియం ఉన్న ప్యాకెట్‌కు మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి, లేదంటే మాత్ర సరిగా ఒంటబట్టదు. గౌట్ ఉన్నవాళ్లు యూరిక్ ఆసిడ్ మాత్ర ఆపకూడదు. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు, కుడి పక్కటెముకల కింద నొప్పిని గ్యాస్ అని కొట్టిపారేయకూడదు.

మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా

మూడో వారంలో వికారం, పల్చటి విరేచనాలు. ఖాళీ కడుపుకు దగ్గరగా ఉన్న స్థితిలో మెట్‌ఫార్మిన్ 2000 మి.గ్రా. చాలామందికి పడదు. రెండు పూటలా 500కి తగ్గించి, నిదానంగా విడుదలయ్యే రకానికి మార్చారు. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే మెట్‌ఫార్మిన్ పూర్తిగా ఆపి, తగ్గాక 48 గంటలు మామూలుగా తిని తాగగలిగాకే మళ్లీ మొదలుపెట్టాలని రాసిచ్చారు. ఆ అవసరం రాలేదు.

నాలుగో వారానికి బరువు 87.1, ఎనిమిదో వారానికి 83.2. పరగడుపు షుగర్ 98 దగ్గర నిలకడగా ఉంది. మెట్‌ఫార్మిన్ కూడా ఆపేశారు. ఈ మధ్యలో హెచ్‌బీఏ1సీ చూడలేదు. అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి పాత ఎక్కువ షుగర్ నీడ దాని మీద ఇంకా ఉంటుంది. డోసు నిర్ణయాలకు మీటర్ అంకెలే ఆధారం.

పన్నెండో వారం: బరువు 80.1, హెచ్‌బీఏ1సీ 6.2. దీన్ని రెమిషన్ అనలేదు. 2021 అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం షుగర్ మందులన్నీ ఆపి కనీసం మూడు నెలలైన తర్వాత హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువ ఉండాలి. ఆయన చివరి మాత్ర ఆగి అప్పటికి నాలుగు వారాలే.

మామూలు తిండికి తిరిగి వచ్చేటప్పుడు

13వ వారం నుంచి రెండేసి వారాలకు ఒక ప్యాకెట్ తీసేసి, దాని స్థానంలో సుమారు 400 కిలో కేలరీల భోజనం. ఈ దశలో పరగడుపు షుగర్ 112, 118 దాకా పెరిగింది. పిండి పదార్థం తిరిగి రావడంతో గ్లైకోజెన్, దానితో నీరు కూడా తిరిగి వచ్చి బరువు ఒక కిలో పెరిగింది. ఈ ఒక్క కిలో కొవ్వు కాదని ముందే చెప్పకపోతే రోగి బెదిరిపోతాడు.

20వ వారంలో బీపీ రెండు వారాల సగటు 138/88. టెల్మిసార్టన్ 20 మి.గ్రా. తిరిగి మొదలైంది. ఆపిన బీపీ మందు అవసరమైతే తిరిగి రాయడం వైఫల్యం కాదు. దాన్ని మరచిపోవడమే అసలు ముప్పు.

22వ వారం, అంటే మెట్‌ఫార్మిన్ ఆపిన 14 వారాలకు, హెచ్‌బీఏ1సీ 6.0. రికార్డులో "టైప్ 2 షుగర్, రెమిషన్‌లో" అని రాశారు. "షుగర్ లేదు" అని రాయలేదు. అలా రాస్తే కంటి, మూత్రపిండాల, పాదాల పరీక్షల పిలుపులు ఆగిపోతాయి. రెటీనా రెండో పరీక్షలో మార్పు లేదు.

ఆయన చేతికిచ్చిన కాగితంలో ఆపిన ఒక్కో మందు ఎదురుగా ఆపిన తేదీ, కారణం, ఏ అంకె దాటితే తిరిగి ఆలోచించాలో రాసి ఉంది. బరువు 2 కిలోలు పెరిగితే రెండు ప్యాకెట్లతో కూడిన ఆహారానికి నాలుగు వారాలు తిరిగి వెళ్లాలి. హెచ్‌బీఏ1సీ 6.5కి చేరితే మొదట మెట్‌ఫార్మిన్ 500. గ్లిమిపిరైడ్ పేరు ఎదురుగా మాత్రం "తిరిగి వద్దు" అని రాసి, ఆ కాంబినేషన్ మాత్ర కంపెనీ పేరు కూడా దాని కిందే పెద్ద అక్షరాల్లో రాశారు. హెచ్‌బీఏ1సీ మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి. రెటీనా, మూత్రంలో అల్బుమిన్, పాదాల పరీక్షలు ఏటా.